కేంద్ర కార్మిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ: లోపల ఎవరున్నారో లెక్క ఉండాలి

గౌరవనీయులైన మంత్రి గారికి,

2025 జూన్ 30న తెలంగాణలోని పాశమైలారంలో సిగాచి ఫ్యాక్టరీ పేలుడులో 54 మందిని పోగొట్టుకున్నాం. వారిలో 8 మంది ఆనవాళ్లు కూడా కుటుంబాలకు దక్కలేదు.

నేను తొమ్మిదేళ్లు ఒక మందుల ఫ్యాక్టరీలో రియాక్టర్ (రసాయనాలు కలిపి చర్య జరిపే పెద్ద పాత్ర) దగ్గర పనిచేశాను. సాల్వెంట్ (రసాయనాలను కరిగించే ద్రవం) డ్రమ్ము మూత తీస్తే కళ్లు భగభగ మండేవి. మాస్కులో ఫిల్టరు ఎప్పుడు మార్చారని అడిగిన కుర్రాణ్ణి మర్నాడు కాంట్రాక్టరు పనిలోకి రానివ్వలేదు. తనిఖీ ఉందంటే ముందురోజే కొత్త మాస్కులు గోడకు వేలాడేవి. అధికారి వెళ్లగానే బీరువాలోకి చేరేవి. ఆ బీరువా తాళం చప్పుడు నాకింకా వినిపిస్తుంది.

1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం, ప్రమాదకర ప్రక్రియ నడిచే ప్రతి ఫ్యాక్టరీలో కార్మికులకూ యాజమాన్యానికీ సమాన ప్రాతినిధ్యంతో భద్రతా కమిటీ తప్పనిసరిగా ఉండాల్సి వచ్చేది. దాని స్థానంలో వచ్చిన 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ దాన్ని ప్రభుత్వ ఉత్తర్వుకు వదిలేసింది. ఇది వెనకడుగే. రాష్ట్రాలన్నిటి చేత ఆ ఉత్తర్వు ఇప్పించండి.

గనులు, ఫ్యాక్టరీలు, నిర్మాణాలు అన్నిటికీ ఒకే జాతీయ ప్రమాద రికార్డు పెట్టండి. త్రుటిలో తప్పినవి కూడా అందులోకి ఎక్కాలి. షిఫ్టు మొదలయ్యేసరికి కాంట్రాక్టు కార్మికుడి పేరూ గేటు బయట భద్రంగా నమోదై ఉండాలి.

ఇట్లు,
ఒక మాజీ రియాక్టర్ ఆపరేటర్