ఆదివారం అమ్మింది మార్పు చేప కాదు

అన్నలూ అక్కలూ, ఆదివారం మన దగ్గర మార్పు అని తీసుకెళ్ళారు చూశారా, అది మార్పు కాదు, ఇంగిలాయి అనే వేరే చేప. డబ్బులు వెనక్కి కావాలంటే రండి, వండుకుని తినేసినా సరే ఇస్తాను.

ఎప్పుడూ సరుకు వేసే ఆయనకి ఫోన్లో మార్పులు పంపమన్నాను, తెల్లారుజామున టబ్బు దించి వెళ్ళిపోయాడు, నల్లగా మీసాలతో బతికే ఉన్నాయి, చీకట్లో నేనూ సరిగ్గా చూసుకోలేదు, అది నా తప్పే. మార్పుకి వీపు రెక్క తోక దాకా పొడుగ్గా ఉంటుంది, ఇంగిలాయికి ముందు వైపు బుల్లి రెక్క ఒక్కటే, లైటు వేసి చూసుంటే అక్కడే తెలిసిపోయేది. ఆయన్ని అడిగితే "మా వైపు దీన్నే మార్పంటారండీ, మీరు విడమర్చి చెప్పాల్సింది" అన్నాడు. ఒళ్ళు మండింది గానీ అబద్ధం కాదు, రెండిటినీ మార్పు అనేవాళ్ళున్నారు. అయినా ఇన్నేళ్ళ నుంచి వేస్తున్నాడు, నేను ఏ మార్పు అమ్ముతానో తెలీదా?

డబ్బుదేముంది. ఒక అక్క శుభ్రం చేస్తుంటే పక్క రెక్క ముల్లు గుచ్చుకుంది, ఇంగిలాయి ముల్లుకి విషం ఉంటుంది, వేడినీళ్ళలో చెయ్యి పెట్టుకునే దాకా ఏడుస్తూనే ఉందట. మార్పే కదా అని ధైర్యంగా పట్టుకుంది పాపం. నాకు నిద్ర పట్టంది దానికి.

ఇంకొకాయన నేను నిషేధించిన క్యాట్‌ఫిష్ అమ్ముతున్నానని నలుగురిలో అన్నారు. ఈ మాట మాత్రం పడను. కేంద్రం 2000లో పెంపకం ఆపమన్నది ఆఫ్రికన్ రకం, మిగతా చేపల్ని మింగేస్తుంది, కిలోలకి కిలోలు పెరుగుతుంది. మీసాలున్నవన్నీ అదే అయితే వాలుగ, జెల్ల, మీరంతా ఫంగస్ అనే పంగాసియస్, ఇవన్నీ క్యాట్‌ఫిష్‌లే, మరి వాటినీ ఆపేయాలా?

బోర్డు మీద మార్పు అనే పేరు తీసేద్దామా అని మూడు రోజులు కొట్టుమిట్టాడాను. ఇంగిలాయి అని రాస్తే సగం మందికి అర్థం కాదు, మార్పు అని రాస్తే మళ్ళీ ఇదే గొడవ. మా ఆవిడైతే రెండూ మానేయమంది. మానను. మార్పు పక్కన "పొడుగు రెక్కది" అని రాయించాను, ఇంగిలాయి వస్తే ముళ్ళు కొట్టేశాకే కవర్లో వేస్తాం.

ఆయన దగ్గర సరుకు ఆపేశాను, ఫోన్ చేసి తప్పయిందంటే అప్పుడు చూద్దాం. ఈ ఆదివారం మార్పు ఉండదు, జెల్లలు మాత్రం ఉంటాయి.