బాక్స్‌లో రికార్డు చేసింది బయటికి రాదా?

సంపాదకుల వారికి నమస్కారం.

పొదలకూరులో నాకు చిన్న ఫొటో స్టూడియో ఉంది. పెళ్లి వీడియోలు తీస్తాను, పాత వీహెచ్‌ఎస్ క్యాసెట్లను పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి ఇస్తాను. ఈ మధ్య క్యాసెట్లు తెచ్చేవాళ్లు తగ్గిపోయి, సెట్‌టాప్ బాక్స్‌ను సంచిలో పెట్టుకొని వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. "మా పాప టీవీలో పాడింది, ఇందులో రికార్డు చేశాం, కంప్యూటర్లోకి తీసివ్వన్నా" అంటారు. అలా రాదని చెప్పి పంపాల్సి వస్తోంది. నిజానికి ఆ మాట బాక్స్ అమ్మిన రోజునే అమ్మినవాళ్లు చెప్పి ఉండాలి.

మా దగ్గర నిమ్మ రైతు ఒకాయన ఉన్నారు. నిమ్మకాయల ధరల మీద ఒక చానల్ చేసిన కార్యక్రమంలో ఆయన మాట్లాడారు, ఆయన తోట కూడా చూపించారు. అల్లుడు దాన్ని బాక్స్‌కు తగిలించిన హార్డ్ డిస్క్‌లో రికార్డు చేసి పెట్టాడు. చుట్టాలు ఎవరొచ్చినా వేసి చూపించేవారు. వానాకాలంలో పిడుగు పడి బాక్స్ పోయింది. కంపెనీ మనిషి వచ్చి కొత్త బాక్స్ పెట్టి, పాతది తీసుకుపోయాడు. ఇప్పుడు ఆ డిస్క్‌ను కొత్త బాక్స్‌కు పెడితే 'ఫార్మాట్ చేయాలా?' అని తప్ప ఇంకేమీ అడగదు. నా కంప్యూటర్‌కు పెట్టినా ఏమీ తెరుచుకోలేదు. "అబ్బయా, డిస్క్ బాగానే ఉంది గదా, మరి కార్యక్రమం ఏమైనట్టు?" అని ఆ పెద్దాయన అడిగారు. కార్యక్రమం డిస్క్‌లోనే ఉంది. కాకపోతే బాక్స్ దాన్ని రాసేటప్పుడే ఇంకెక్కడా తెరుచుకోకుండా సంకేతాల తాళం వేసి రాస్తుంది, ఆ తాళం చెవి ఆ ఒక్క బాక్స్‌లోనే ఉంటుంది. బాక్స్ పోతే చెవి కూడా పోయినట్టే. అంతెందుకు, రీచార్జ్ అయిపోతే కొన్ని బాక్సుల్లో మనం రికార్డు చేసుకున్నవి కూడా తెరుచుకోవు.

వీసీఆర్ రోజుల్లో ఈ బాధ లేదు. మూడు గంటల ఈ-180 క్యాసెట్ పెట్టి మీట నొక్కితే ఆ క్యాసెట్ ఏ ఊళ్లో ఎవరింట్లోనైనా ఆడేది. తర్వాత కంప్యూటర్లో టీవీ ట్యూనర్ కార్డు పెట్టుకొని కేబుల్ వైరు నేరుగా దానికే బిగించేవాళ్లం. 2017 మార్చి 31 పల్లెలతో సహా కేబులంతా డిజిటల్ కావడానికి ఆఖరు గడువు. ఆ తర్వాత వైరులో వచ్చే సిగ్నల్‌కే తాళం పడి, మధ్యలో బాక్స్ లేనిదే బొమ్మ రాకుండా పోయింది. బొమ్మ నాణ్యత పెరిగిన మాట నిజమే, ఒప్పుకుంటాను.

"టీవీ నుంచి రికార్డు చేయడం నేరం కదా" అని కొందరు భయపడుతుంటారు. మన కాపీరైట్ చట్టం 1957లో 39వ సెక్షన్ చూడండి. సొంత వాడకానికి గానీ, నిజంగా పాఠం చెప్పుకోవడానికో పరిశోధనకో గానీ రికార్డు చేసుకుంటే ప్రసార హక్కును ఉల్లంఘించినట్టు కాదని ఉంది. 2012లో చేర్చిన 65ఏ సెక్షన్ ప్రకారం, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో ఇలాంటి తాళాలు పగలగొడితే రెండేళ్ల దాకా జైలు. కాబట్టి తాళం పగలగొట్టమని నేను అనను, పగలగొట్టి ఇస్తామనే వాళ్ల దగ్గరికి పోవద్దనే చెబుతాను. 39వ సెక్షన్ ఇచ్చిన వెసులుబాటు కూడా రికార్డు చేసుకునే మనిషి సొంత వాడకానికే. అందుకే డబ్బులు తీసుకొని స్టూడియోలో చేసివ్వను. ఇంట్లో ఎలా చేసుకోవాలో కాగితం మీద గీసిచ్చి పంపుతాను.

ఆ గీసిచ్చేదేమిటో మీ పాఠకులకు కూడా చెబుతాను. చాలా బాక్సులకు వెనక ఏవీ అవుట్ ఉంటుంది. పసుపు బొమ్మకు, ఎరుపు, తెలుపు శబ్దానికి. యూఎస్‌బీ వీడియో క్యాప్చర్ అని వందల్లోనే దొరికే చిన్న పరికరం కొని, ఆ పిన్నులు దానికి పెట్టి, దాన్ని కంప్యూటర్‌కు తగిలించాలి. ఓబీఎస్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. అందులో వీడియో క్యాప్చర్ డివైస్ ఎంచుకుంటే టీవీ బొమ్మ కంప్యూటర్ తెర మీదికి వస్తుంది. కొన్ని బాక్సులకు మూడు పిన్నులకు బదులు ఒకటే చిన్న రంధ్రం ఉంటుంది. దాని వైరు వేరే బాక్స్‌దైతే రంగులు కలవవు. బొమ్మ రాక 'గుర్ర్' మని శబ్దం వస్తే పరికరం పాడైందని పారేయకండి, పసుపు పెట్టినచోట ఎరుపు పెట్టి చూడండి. బొమ్మ సాగినట్టు కనబడితే సైజును 16:9కి మార్చండి, కదిలేచోట గీతలు పడుతుంటే డీఇంటర్లేస్ అనే సెట్టింగ్ పెట్టండి. ఫైలును ఎంపీ4గా కాకుండా ఎంకేవీగా దాచుకోండి. మా వైపు కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. మధ్యలో పోతే మామూలు ఎంపీ4 ఫైలు మొత్తం తెరుచుకోకుండా పోతుంది, ఎంకేవీ అయితే అప్పటిదాకా ఎక్కింది మిగులుతుంది. రికార్డింగ్ బిట్‌రేటు సెకనుకు నాలుగు మెగాబిట్ల లెక్కన పెడితే గంట కార్యక్రమం 1.8 జీబీ దగ్గర ఉంటుంది.

బొమ్మ 720 బై 576లోనే వస్తుంది, హెచ్‌డీ రాదు. హెచ్‌డీ కావాలని నెల్లూరు ట్రంకు రోడ్డులో వేలు పోసి హెచ్‌డీఎంఐ క్యాప్చర్ కొన్నవాళ్లు నాకు తెలుసు. హెచ్‌డీసీపీ అనే రక్షణ వల్ల వాళ్లకు నల్ల తెర తప్ప ఏమీ రాలేదు. అదీ అమ్మేవాడు చెప్పడు.

నెలనెలా డబ్బు కట్టక్కర్లేని దూరదర్శన్ వారి డీడీ ఫ్రీ డిష్ పెట్టుకున్నవాళ్ల పరిస్థితి నయం. అందులో తాళం లేని చానళ్లను మామూలు ఎంపెగ్-2 బాక్స్‌తో పెన్ డ్రైవ్‌లోకి రికార్డు చేస్తే ఆ ఫైలు చాలావరకు కంప్యూటర్లో వీఎల్‌సీ ప్లేయర్‌తో తెరుచుకుంటుంది. నెలనెలా డబ్బు కట్టేవాడికి లేని సౌకర్యం కట్టనివాడికి ఉందన్నమాట!

ఏ కంపెనీ బాక్స్ అయినా ఇంకో కంపెనీకి పనికొచ్చేలా ఉండాలని టెలికాం, టీవీ ప్రసార సేవల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2020 ఏప్రిల్‌లోనే సిఫారసు చేసింది. బాక్స్ సంగతి అంత ఆలోచించినవాళ్లు అందులో దాచుకున్నవాటి గురించి కూడా ఆలోచించాలి కదా. సినిమాలకు, క్రికెట్‌కు తాళం వేసుకోండి, చానళ్లవాళ్ల పెట్టుబడి వాళ్లది. బాక్స్ పాడై కంపెనీయే కొత్తది ఇచ్చినప్పుడైనా, అదే ఖాతా, అదే ఇల్లు అయినప్పుడు, పాత రికార్డింగులు కొత్త బాక్స్‌లో తెరుచుకునే ఏర్పాటు ఉండాలి. 'ఇందులో రికార్డు చేసినవి ఈ బాక్స్‌లో మాత్రమే ఆడతాయి' అని అట్టపెట్టె మీద తెలుగులో, కనబడే అక్షరాలతో అచ్చు వేయించాలి. ట్రాయ్ గానీ కేంద్ర సమాచార, ప్రసార శాఖ గానీ తలుచుకుంటే ఇది పెద్ద పనేమీ కాదు.

పాఠకులకు ఒక్క మాట. ఈ పండగకు కొత్త బాక్స్ తీసుకునేవాళ్లు వెనక్కి తిప్పి ఏవీ అవుట్ ఉందో లేదో చూసుకోండి, కొత్తవాటిలో కొన్నింటికి తీసేస్తున్నారు. పాత బాక్స్ మొరాయిస్తుంటే మాత్రం, కంపెనీకి ఫోన్ చేసే ముందే అందులో మీకు కావాల్సినవి ఒక్కొక్కటే ఆడించి కంప్యూటర్లోకి ఎక్కించుకోండి. గంట కార్యక్రమానికి గంట పడుతుంది, దగ్గరిదారి లేదు.

ఇట్లు,
ఒక ఫొటో స్టూడియో యజమాని,
పొదలకూరు, నెల్లూరు జిల్లా