ఉప్పునీరని రాసి పంపిన లోడు గురించి ఫిర్యాదు

గాజువాక,
విశాఖపట్నం.

జనరల్ మేనేజర్ గారికి,

విషయం: చలానాలో సరుకు వివరం దాచడం, ట్యాంకరు పాడవడం, హాల్టింగ్ బకాయి గురించి.

అయ్యా,

కోనసీమలోని మీ గ్యాస్ బావుల నుంచి నీళ్లు తోలే పనికి నా ట్యాంకరు ఎనిమిది నెలలుగా తిరుగుతోంది. లోడు ఎత్తిన ప్రతిసారీ మీవాళ్లు ఇచ్చే చలానాలో సరుకు దగ్గర ఒకటే మాట ఉంటుంది: 'ఉప్పునీరు'. నేనూ అదే నమ్మాను.

పోయిన వారం అడుగు వాల్వు దగ్గర చెమ్మ కనిపిస్తే బండిని ఆటోనగర్‌లో మా వెల్డరు షెడ్డుకి తోలాను. అతను మూత తీసి, తల వంచి, వెంటనే వెనక్కి లాక్కున్నాడు. "బాబూ, ఇది ఉప్పునీళ్ల ట్యాంకా? ఇందులో వెల్డింగ్ టార్చి వెలిగిస్తే నేనుండను, నీ బండీ ఉండదు" అని గ్లౌజులు తీసి పక్కన పడేశాడు. లైటు వేసి చూస్తే అడుగున నల్లటి జిడ్డు, గోడల నిండా గోరుతో గీకినా రాని తెల్లటి పొలుసు. తుప్పు పట్టకుండా లోపల వేయించిన ఎపాక్సీ పూత అట్టలు కట్టి లేచిపోయింది. వాల్వు వాషరు చేతిలోకి తీసుకుంటే పిండిలా నలిగింది.

అడుగున మిగిలిన నీళ్లు సీసాలో పట్టి ల్యాబులో ఇచ్చాను. రిపోర్టు జత చేశాను. సముద్రపు నీళ్లలో ఉప్పు లీటరుకు 35 గ్రాముల దాకా ఉంటుంది. మీ నీళ్లు మా ఆర్కే బీచ్‌ని మించాయి. నూనె, బెంజీన్ అదనం. మా వీధిలో ఒక రిటైర్డ్ డ్రిల్లింగ్ ఇంజినీరు గారున్నారు. గ్యాసుతో పాటు లోపలి పొరల నీరూ పైకొస్తుందనీ, బావి పాతబడే కొద్దీ గ్యాసు తగ్గి నీళ్లు పెరుగుతాయనీ ఆయనే చెప్పారు. ఇలాంటి తెల్లటి పొలుసు బేరియందైతే అందులో ఒక్కోసారి రేడియం అనే రేడియోధార్మిక పదార్థం కూడా పేరుకుంటుందట, పరీక్ష చేయించకుండా గోకించొద్దన్నారు. ఎనిమిది నెలలుగా మా క్లీనరు కుర్రాడు వట్టి చేతులతో ఆ ట్యాంకులో దిగి కడుగుతున్నాడు. ఈ సంగతి మీకు తెలియదంటే నమ్మమంటారా?

బండి సంగతి అలా ఉంచండి. కిందటి నెల నీటిని తిరిగి భూమిలోకి ఎక్కించే బావి దగ్గర ఫిల్టరు మూసుకుపోయిందని లోడు దింపుకోలేదు. మా డ్రైవరు రెండు రాత్రులు గేటు బయట బండిలోనే పడుకున్నాడు. మూడోనాడు పొద్దున్నే మీ సూపర్‌వైజరు ఫోన్ చేసి, "దార్లో ఏదో బోదెలో వదిలేసి పో, వానల్లో ఎవరు చూస్తారు" అన్నాడు. మా డ్రైవరుది అటువైపు ఊరే. "ఆ బోదె నీళ్లతోనే మావాళ్లు నాట్లేస్తారండీ" అని ఫోన్ పెట్టేశాడు. ఆ మాటకే ఆ ట్రిప్పు కిరాయి ఆపేశారు.

మీ వ్యాపారానికి సంబంధించిన నిబంధన నేను మీకు చెప్పాల్సి రావడం విచిత్రం. బావుల నీటిని నేల మీద బయటికి వదలాలంటే నూనె, గ్రీజు లీటరుకు 10 మిల్లీగ్రాములు, కరిగిన లవణాలు 2100 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆ లోడు బోదెలో పోసుంటే పట్టుబడేది నా బండి నంబరు, జైలుకి పోయేది నా డ్రైవరు. మీ చలానాలో మాత్రం ఉప్పునీరే!

ట్యాంకు కడిగించి, పొలుసు పరీక్ష చేయించి, లోపలి పూత కొత్తగా వేయించే ఖర్చు మీరే భరించాలి. కొటేషన్ జత చేశాను. రెండు రాత్రుల హాల్టింగు, ఆపిన కిరాయి పదిహేను రోజుల్లో ఇవ్వాలి. క్లీనరుకి వైద్య పరీక్షలు మీ ఖర్చుతో జరగాలి, ఇందులో బేరం లేదు. ఇకమీదట లోడు ఎత్తేముందు నీటి పరీక్ష రిపోర్టు, దింపే చోటు కాగితం మీద ఉండాలి. ఫోన్‌లో చెప్పే మాటలకి బండి కదలదు.

అప్పటిదాకా ట్యాంకరు ఆటోనగర్ షెడ్డులోనే మూత తీసి ఉంటుంది. మీ మనిషిని పంపండి, వచ్చి వాసన చూసి వెళ్తాడు. గడువు దాటితే ఇదే ఉత్తరం, ఇదే రిపోర్టు కాలుష్య నియంత్రణ మండలికి వెళ్తాయి.

ఇట్లు,
ట్యాంకరు యజమాని

జత: ల్యాబు రిపోర్టు, చలానాల నకళ్లు, కొటేషన్, వాల్వు ఫొటోలు.