తలుపు తట్టకముందే మా పిల్లలకు తెలుగులో చెప్పండి: ఎన్నారై శాఖ మంత్రికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ ఎన్నారై సాధికారత, సంబంధాల శాఖ మంత్రి
శ్రీ కొండపల్లి శ్రీనివాస్ గారికి,

నమస్కారం. మాది బొబ్బిలి. మీ గజపతినగరానికి ఎంతో దూరం కాదు. ఎంఎస్ చదవడానికి అమెరికా వచ్చి, ఇక్కడే ఉద్యోగంలో చేరి, ఇక్కడే పెళ్లి చేసుకున్నాను. మావారు చిన్నప్పుడే ఈ దేశం వచ్చి, ఇక్కడి పౌరుడైన తెలుగాయన. డాలస్ దగ్గర ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. పెళ్లి ఆధారంగా గ్రీన్‌కార్డ్‌కి దరఖాస్తు పెట్టుకున్నాక మా ఇంట్లో జరిగిన ఒక సంగతి చెప్పి, దాన్నిబట్టి మీ శాఖను ఒక సాయం అడుగుదామని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ రోజు మంగళవారం. పొద్దున్న ఏడు దాటింది. మావారు ఆఫీసు పని మీద సోమవారం నుంచి గురువారం దాకా హ్యూస్టన్‌లో ఉంటారు. నేను స్నానం చేస్తున్నాను. అమ్మ విజిటర్ వీసా మీద వచ్చి మా దగ్గరే ఉంది. తలుపు చప్పుడైతే తనే తీసింది. ఎదురుగా మా పెళ్లి నిజమైనదో కాదో చూడటానికి వచ్చిన ఇద్దరు ఇమ్మిగ్రేషన్ ఆఫీసర్లు, ఒక ఆడమనిషి, ఒక మగమనిషి. మెడలో వేలాడుతున్న కార్డులు చూపించి, మావారి పేరు చెప్పి, ఆయన ఇక్కడ ఉంటారా అని అడిగారట. అమ్మకు ఇంగ్లీషు అక్కడో ముక్క ఇక్కడో ముక్క వచ్చు. “అల్లుడుగారు ఇప్పుడిక్కడ లేరు, హ్యూస్టన్‌లో ఉన్నారు” అని చెప్పాలనుకుంది. నోట్లోంచి వచ్చింది మాత్రం “నో స్టే హియర్. హ్యూస్టన్ స్టే” అని.

ఆ మాట వాళ్లకు ఎలా వినపడి ఉంటుందో మీకు విడమరిచి చెప్పక్కర్లేదు. మొగుడు ఇక్కడ కాపురం ఉండటం లేదని అత్తగారే ఒప్పుకున్నట్టు అయింది.

నేను తలకు తువ్వాలు చుట్టుకుని హాల్లోకి వచ్చేసరికి అమ్మ వాళ్లను సోఫాలో కూర్చోబెట్టి, స్టీలు గ్లాసుల్లో కాఫీ తెచ్చి ఇస్తోంది. వాళ్లు నవ్వుతూ వద్దన్నారు. ఇంటికొచ్చినవాళ్లు కాఫీ కూడా ముట్టలేదంటే ఏదో కోపం మీద వచ్చారని అమ్మ హడలిపోయింది. నాకైతే కాళ్లలో వణుకు మొదలైంది. ఇల్లు చూడొచ్చా అని అడిగారు. చూడండి అన్నాను. కాదనొచ్చని నాకు తెలీదు. లాయర్‌కి ఫోన్ చేసుకుంటానని అడగొచ్చని కూడా తెలీదు.

బెడ్‌రూమ్ చూశారు. మావారు లేని రోజుల్లో అమ్మ నా పక్కనే పడుకుంటుంది. అందుకని ఆయన పడుకునే వైపు బల్ల మీద అమ్మ బీపీ మాత్రలు, నొప్పుల బామ్, కళ్లజోడు, స్తోత్రాల పుస్తకం ఉన్నాయి. అమ్మ చీరలకు చోటు కావాలని ఆయన చొక్కాలన్నీ రెండో గదిలోకి మార్చాను. షేవింగ్ సామాను ఆయనతో పాటు హ్యూస్టన్ వెళ్లింది. ఆ గదిలో మగమనిషి ఉంటాడనడానికి గుర్తేదీ లేదు. మీ భర్త మంచంలో ఏ వైపు పడుకుంటారు అని అడిగితే “గోడ వైపు” అన్నాను. పోయిన శని, ఆదివారాలు ఇద్దరూ ఏం చేశారంటే బుర్ర ఖాళీ అయిపోయింది. గుడికి వెళ్లామని, అక్కణ్నుంచి ఇండియన్ స్టోర్‌లో కూరగాయలు కొన్నామని వాళ్లు వెళ్లిపోయిన పావుగంటకి గుర్తొచ్చింది.

వచ్చినవాళ్లు చాలా మర్యాదగా ఉన్నారు. ఒక్క మాట తూలలేదు. ఉన్నది ఉన్నట్టు చూసి రాసుకుని వెళ్లారు. ఆ ఉన్నదే మా పెళ్లిని దొంగపెళ్లిలా చూపించింది. నన్ను ఇప్పటికీ బాధపెట్టేది అదే.

కొన్ని వారాలకు ఇద్దర్నీ ఇంటర్వ్యూకి పిలిచి, చెరో గదిలో కూర్చోబెట్టి అవే ప్రశ్నలు అడిగారు. మంచం దగ్గర మావారు “బాత్రూమ్ వైపు” అన్నారు. నేను గోడ వైపు అన్నానుగా! మా ఇంట్లో ఆ రెండూ ఒకే వైపు. మా లాయర్ కాగితం మీద గది బొమ్మ గీసి చూపించాకే ఆ చిక్కు విడింది. హ్యూస్టన్ హోటల్ బిల్లులు, కలిసి కట్టిన అద్దె, టాక్స్ కాగితాలు, అమ్మ వీసా వివరాలు అన్నీ ఇచ్చాం. చివరికి కార్డు వచ్చింది. కానీ ఆ మధ్య నెలల్లో నేను రాత్రిళ్లు నిద్రపోలేదు. “నా మూలంగానే నీ కాపురానికి ఎసరొచ్చింది” అని అమ్మ తిండి మానేసింది. చేతులు పట్టుకుని తినిపించాల్సి వచ్చింది.

అయ్యా, ఈ తనిఖీలు అన్యాయమని నేను అనడం లేదు. డబ్బు తీసుకుని ఉత్తుత్తి పెళ్లిళ్లు చేసుకునేవాళ్లు ఉన్నారు, మనవాళ్లలోనూ ఉన్నారు. అమెరికాలో దీనికి 1986లోనే ప్రత్యేకంగా చట్టం చేశారు. ఇమ్మిగ్రేషన్ కోసం దొంగపెళ్లి చేసుకుంటే 5 ఏళ్ల దాకా జైలు, 2,50,000 డాలర్ల దాకా జరిమానా. అంతకంటే పెద్ద దెబ్బ ఇంకొకటి ఉంది. ఒకసారి దొంగపెళ్లి అని తేల్చి ఫైలు మూస్తే, ఆ తర్వాత నిజమైన పెళ్లి చేసుకున్నా, కంపెనీ స్పాన్సర్ చేసినా గ్రీన్‌కార్డ్ పిటిషన్ ఆమోదించరు. అంత తీవ్రమైన విషయంలో ఆఫీసర్లు ఇంటికొచ్చి చూసుకోవడంలో తప్పేముంది?

ఈమధ్య ఆ చూడటం ఎక్కువైంది. 2025 ఆగస్టులో కుటుంబ పిటిషన్ల మీద పరిశీలన గట్టిగా ఉండాలని అమెరికా ఇమ్మిగ్రేషన్ దరఖాస్తులు చూసే సంస్థ యూఎస్‌సీఐఎస్ తన నిబంధనలను సవరించింది. సెప్టెంబరులో మిన్నియాపొలిస్, సెయింట్ పాల్ ప్రాంతంలో ‘ట్విన్ షీల్డ్’ అనే పేరుతో తనిఖీలు చేసింది. అనుమానం ఉన్న 1,000కి పైగా కేసులు తీసుకుని, 900కి పైగా చోట్లకు వెళ్లడమో మనుషుల్ని కలిసి ప్రశ్నించడమో చేశామని వాళ్లే ప్రకటించారు. వాటిలో పెళ్లి కేసులూ ఉన్నాయి. ఒక్క అమెరికా సంగతే కాదు. బ్రిటన్‌లో ఉత్తుత్తి పెళ్లి అని అనుమానం వస్తే విచారణ కోసం పెళ్లి నోటీసు గడువును 28 రోజుల నుంచి 70 రోజులకు పెంచే చట్టం 2015 నుంచే అమల్లో ఉంది. మనవాళ్లు వెళ్లే దేశాల్లో ఈ తలుపు చప్పుడు ఇకముందు ఇంకా ఎక్కువగానే వినపడుతుంది.

దానికి మనవాళ్ల సన్నద్ధత ఏపాటిదో నా కళ్లతో చూశాను. మా దరఖాస్తు సమయంలో కాగితాలు సర్దిపెడతానన్న ఒకాయన ఇచ్చిన సలహా వినండి. “ఒకరోజు సెలవు పెట్టండి. ఐదారు జతల బట్టలు కార్లో వేసుకుని పార్కు, మాల్, లేక్ అన్నీ తిరిగి ఫొటోలు దిగండి. ఏడాదిగా కలిసి తిరిగినట్టు ఉంటుంది” అన్నాడు. ఆయన చూపించిన ఒక ఆల్బమ్‌లో ఆ అమ్మాయి నాలుగు చీరలు మార్చింది, జడలో మల్లెపూలు మాత్రం అవే. పాపం, వాళ్లది నిజమైన పెళ్లే అయ్యుండొచ్చు. కానీ ఆ మల్లెపూలు ఆఫీసర్ కంటపడితే ఆ తర్వాత వాళ్లు చెప్పే నిజాన్ని ఎవరు నమ్ముతారు? నిజం చేతిలో ఉన్నవాళ్లతో కూడా అబద్ధం ఆడించేది ఈ భయం. ఆ భయానికి మూలం తెలియకపోవడమే.

మన పెళ్లిళ్ల తీరు కూడా ఒకటుంది. చాలామంది జంటలు పెళ్లికి ముందు కలుసుకున్నది రెండు మూడుసార్లు. ఒకరి ఇష్టాయిష్టాలు ఒకరికి తెలిసేసరికి ఏడాది పడుతుంది. కొత్త కోడలు నలుగురిలో భర్తను పేరు పెట్టి పిలవదు, పక్కన కూర్చోడానికే మొహమాటపడుతుంది. అత్తగారో అమ్మో వస్తే గదులు, మంచాలు అన్నీ మారిపోతాయి. బ్యాంకు లెక్కలు ఆయనొక్కడే చూస్తాడు, ఆ అమ్మాయికి ఖాతా నంబరు కూడా తెలీదు. ఇదంతా మనకు మామూలు సంసారం. తెలియని కళ్లకు అనుమానం. ఆఫీసర్లకు మన సంసారం నేర్పించడం మీ చేతుల్లో లేదు. ఆ కళ్లు ఏం వెతుకుతాయో మన పిల్లలకు ముందే చెప్పడం మాత్రం మీ చేతుల్లో ఉంది.

మరొకటి భాష. ఇంగ్లీషు సరిగా రానివాళ్లకు ప్రభుత్వ శాఖలు భాషా సాయం అందించాలని 2000లో అమెరికా అధ్యక్షుడు ఇచ్చిన ఉత్తర్వును 2025 మార్చిలో రద్దు చేశారు. అలా రద్దు చేసిన కొత్త ఉత్తర్వులోనే ఇంగ్లీషును అధికార భాషగా ప్రకటించారు. తెలుగులో చెప్పేవాళ్లు అక్కడ దొరుకుతారని ఇక ఆశ పెట్టుకోకూడదు. చెప్పేదేదో మన దగ్గరే చెప్పి పంపాలి.

మీ శాఖకు ప్రవాసాంధ్రుల కోసం పనిచేసే ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ ఉంది, హెల్ప్‌లైన్ ఉంది, దేశదేశాల్లో కోఆర్డినేటర్లు ఉన్నారు. చదువులకు, ఉద్యోగాలకు వెళ్లేవాళ్లకు అవగాహన కల్పిస్తున్నారు. పెళ్లి చేసుకుని వెళ్లేవాళ్లను కూడా అందులో చేర్చమని నా విన్నపం. తెలుగులో ఒక చిన్న పుస్తకం, ఓ పది నిమిషాల వీడియో చాలు. తలుపు తట్టినవాళ్లు ఎవరో కార్డు అడిగి చూడాలని, జడ్జి ఇచ్చిన వారెంట్ లేకపోతే లోపలికి రానివ్వడం మన ఇష్టమేనని, కాదంటే మాత్రం కేసును ఇంకాస్త నిశితంగా చూస్తారని, అందుకే ఏం చేయాలో లాయర్‌ను ముందే అడిగి పెట్టుకోవాలని అందులో చెప్పండి. గుర్తులేకపోతే “గుర్తులేదు” అనడం తప్పు కాదని, ఊహించి చెప్పడమే తప్పని చెప్పండి. భర్త వేరే ఊళ్లో పనిచేస్తుంటే ఆ కాగితాలు ఒక ఫైల్లో పెట్టుకోమనండి. ముఖ్యంగా ఇంట్లో ఉండే పెద్దవాళ్లకు ఒక్క మాట నేర్పమనండి: “నాకు ఇంగ్లీషు రాదు, మా అమ్మాయిని పిలుస్తాను.” మా అమ్మకు ఆ ఒక్క వాక్యం వచ్చుంటే చాలేది.

పెళ్లి సర్టిఫికెట్ గురించి కూడా చెప్పండి. మన రాష్ట్రంలో పెళ్లి రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేస్తూ 2002లోనే చట్టం వచ్చింది. అయినా వీసా పని పడినప్పుడే ఆఫీసుకు పరుగెత్తుతాం. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, సర్టిఫికెట్‌లో ఒక్క పొడి అక్షరం, శుభలేఖలో ముద్దుపేరు. ఇవన్నీ తర్వాత ప్రశ్నలవుతాయి. రిజిస్ట్రేషన్ చేసేటప్పుడే పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని పేర్లు రాసేలా సిబ్బందికి ఒక్క సూచన వెళ్తే ఎందరికో మేలు.

ఇప్పుడు చెప్పబోయేది అన్నిటికంటే ముఖ్యం. పెళ్లై రెండేళ్లు నిండకముందే గ్రీన్‌కార్డ్ వస్తే అది రెండేళ్ల షరతు మీద ఇచ్చే కార్డు. గడువుకు ముందు 90 రోజుల్లో భార్యాభర్తలిద్దరూ కలిసి మళ్లీ దరఖాస్తు పెట్టాలి. ఆ రెండేళ్లూ “నేను సంతకం పెట్టకపోతే నీ గతేంటి” అని బెదిరించే మగాళ్లు ఉన్నారు. దెబ్బలు తింటూ, తనిఖీకి ఎవరైనా వస్తే మాత్రం నవ్వుతూ పక్కన నిలబడే ఆడపిల్లలు ఉన్నారు. ఇంటికొచ్చిన ఆఫీసర్‌కి చెప్పుకుంటే తననే తిప్పి పంపేస్తారని వాళ్ల భయం. పెళ్లి నిజమైనదై, భర్త హింసించినా, విడాకులైనా, అతని సంతకం లేకుండా ఒంటరిగా దరఖాస్తు పెట్టుకునే దారి అక్కడి చట్టంలోనే ఉంది. ఈ సంగతి ఎంతమంది అమ్మాయిలకు తెలుసు? వాళ్లను కన్న తల్లిదండ్రుల్లో ఎంతమందికి తెలుసు? తెలంగాణలో పోలీసుల మహిళా భద్రతా విభాగం కింద ఎన్నారై సెల్ ఉంది. వాళ్లతో కలిసి చేసినా సరే, ఈ ఒక్క విషయం రెండు రాష్ట్రాల్లో ప్రతి పెళ్లింటికీ చేరాలి.

వచ్చే మాఘంలో మా పిన్ని కూతురి పెళ్లి. అబ్బాయి అమెరికా పౌరుడు. పిన్ని నాకు ఫోన్ చేసి అక్కడ చలికి ఎన్ని స్వెట్టర్లు కావాలని అడిగింది. స్వెట్టర్ల సంగతి చెప్పి, పై విషయాలన్నీ కూడా చెల్లితో మాట్లాడాను. రెండు గంటలు పట్టింది. మధ్యలో తను రెండుసార్లు “అక్కా, ఇవన్నీ ఎక్కడైనా రాసి ఉంటాయా?” అని అడిగింది. తెలుగులో నాకైతే కనపడలేదన్నాను.

మీ శాఖ ఆ పుస్తకం వేస్తానంటే, మా వివరాలు బయటపెట్టకుండా మా కేసు మొత్తం రాసి ఇస్తాను, మా లాయర్ గీసిన గది బొమ్మతో సహా. అమ్మ ఇప్పుడు బొబ్బిలిలోనే ఉంది. పెద్దవాళ్ల కోసం వీడియో తీస్తే ఆ రోజు ఏం జరిగిందో తన నోటితో తనే చెప్తానంది.

ఇట్లు,
బొబ్బిలి ఆడపడుచు,
డాలస్ నుంచి