మన కాలనీ సంఘం వార్షిక నివేదిక: మంచినీళ్ల పైపులు మార్చిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదిక వీధి దీపాలతో మొదలై జమాఖర్చులతో ముగిసేది. ఈసారి ఎక్కువ భాగం నీళ్ల గురించే రాస్తున్నాను. కార్తీకంలో మొదలైన మెయిన్ పైపుల మార్పిడి శివరాత్రి దాటాక కూడా సాగింది. నాలుగు వీధుల్లో పూర్తయింది, కాలువ గట్టు వైపు రెండు వీధులు మిగిలాయి. మేం పడ్డ అవస్థ ఆ రెండు వీధుల వాళ్లు పడకూడదు. అందుకే ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మొదట, అసలు మార్చడం ఎందుకన్నది. మనం తాగేది గోదావరి నీళ్లే. విజ్జేశ్వరం దగ్గర పశ్చిమ డెల్టా కాలువలోకి మళ్లిన నీళ్లు ఊళ్లన్నీ దాటుకుని మన మంచినీళ్ల చెరువులో పడతాయి. దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక కాలువ కట్టేస్తే, మళ్లీ వదిలే దాకా ఆ చెరువులో నిలవున్నదే మనకు దిక్కు. బోరు వేసుకుంటే ఉప్పన తగులుతుంది. రాత్రి బిందెలో పట్టిన బోరు నీళ్లు తెల్లారేసరికి ఎర్రగా మారే ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. కాబట్టి ఇక్కడ కుళాయి ఆగితే వంటా ఆగుతుంది.

పాతవి ఆస్బెస్టాస్ సిమెంటు పైపులు. అందరం ఏసీ పైపులంటాం. అవి పెళుసు. మన నల్లమట్టేమో ఎండాకాలం నెర్రెలిస్తుంది, వానలకు ఉబ్బుతుంది. ఆ కదలికకు పైపు విరుగుతుంది, జాయింట్లు వదులవుతాయి. నీళ్లు కారిపోవడం ఒక నష్టం, దాని కంటే ప్రమాదం ఇంకొకటుంది. మనకు నీళ్లు వదిలేది పూటకో గంట. మిగతా సమయంలో పైపు ఖాళీ అవుతుంటుంది. అప్పుడు పగులు పక్కన మురుగు ఉంటే పైపు దాన్ని లోపలికి లాక్కుంటుంది. మర్నాడు పొద్దున కుళాయిలో మొదట వచ్చేది ఆ నీళ్లే. కొందరు కుళాయికి నేరుగా మోటారు బిగించి లాగడం వల్ల ఈ పీల్పు ఇంకా పెరుగుతుంది. రెండేళ్లుగా వానాకాలంలో పిల్లలకు విరేచనాలు పట్టుకున్నప్పుడల్లా మనం బయట తిళ్లను అనుమానించాం. నీళ్లను ముందే అనుమానించాల్సింది.

అందుకని నీళ్ల సరఫరా అధికారులు డక్టైల్ ఐరన్ పైపులు, అంటే అంత తేలిగ్గా విరగని ఇనుప పైపులు, వేస్తామన్నప్పుడు సంఘం సంతోషంగా ఒప్పుకుంది. ఇప్పటికీ ఆ నిర్ణయం సరైనదే అంటాను. కానీ పని నడిచిన తీరు మాత్రం ఇళ్లను బాగా ఇబ్బంది పెట్టింది.

ఏ వీధి ఏ రోజు తవ్వుతారో ముందుగా చెప్పినవాళ్లు లేరు. పొద్దున్నే జేసీబీ చప్పుడు వింటే ఆ వేళ నీళ్లు లేవని అర్థం చేసుకునేవాళ్లం. మన దగ్గర మూడడుగులు తవ్వేసరికి ఊట వచ్చేస్తుంది. డీజిల్ ఇంజను పెట్టి తోడుతుంటే ఇంకోపక్క కందకం గట్టు విరిగి పడేది. ఒక పూటలో అవుతుందన్న ముక్క మూడు రోజులు పట్టేది. మధ్యలో అల్పపీడనం వచ్చి నాలుగు రోజులు వాన పట్టింది, కందకాలు కాలువల్లా నిండాయి. రెండో వీధిలో ఒక ప్రహరీ గోడ ఒరిగింది. దాని బాగుచేత ఖర్చు ఇంకా తేలలేదు, దరఖాస్తు పెట్టి వెంట తిరుగుతున్నాం.

సంపులున్న ఇళ్లవాళ్లు రెండు రోజులు ఎలాగో నెట్టుకొచ్చారు. వాటాల్లో అద్దెకుండేవాళ్లకు, కాలువ గట్టు మీది రేకుల ఇళ్లవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. కేంద్ర మార్గదర్శకాల్లో పట్టణాలకు పెట్టుకున్న లెక్క మనిషికి రోజుకు 135 లీటర్లు. నలుగురున్న ఇంటికి 540 లీటర్లు కావాలన్నమాట. ట్యాంకరు దగ్గర ఒక ఇంటికి దక్కింది ఆరు బిందెలు, అంటే వంద లీటర్లు కూడా కాదు. ట్యాంకరు వచ్చేదీ పదకొండింటికి. అప్పటికి పనులకు వెళ్లేవాళ్లు వెళ్లిపోయేవారు. కూలికి వెళ్లే ఆడవాళ్లు ఆ బిందెల కోసం పని మానుకున్నారు. తాగడానికి టిన్నులు, వాడకానికి పక్క వీధి బోరు, నీళ్ల కోసం పోయిన కూలి డబ్బులు, ఇవన్నీ ఎవరింటి లెక్క వాళ్లింట్లోనే ఉండిపోయాయి. మూడో వీధి మలుపులో ఇడ్లీ బండి పెట్టుకునే పిన్నిగారికి వరసగా పది రోజులు బేరం లేదు. ఆవిడ ఈ నివేదికలో ఉండాలని నేను పట్టుబట్టి రాస్తున్నాను.

అన్నిటికన్నా నన్ను కలచివేసింది ఇంకొకటి. డయాలసిస్‌కు వెళ్లే తాతగారిని ఆటో లోపలికి రాక, కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు కుర్రాళ్లు కందకం మీద చెక్క దాటించి మెయిన్ రోడ్డు దాకా మోశారు. వారానికి రెండుసార్లు, మూడు వారాలు. ఆ కుర్రాళ్లకు సంఘం తరఫున చేతులెత్తి నమస్కరిస్తున్నాను. అయితే అలా మోయాల్సిన పరిస్థితి మళ్లీ రాకూడదు. ఎవరింట్లో రోగులున్నారో, నెలలు నిండిన వాళ్లున్నారో పని మొదలవకముందే మనం రాసిపెట్టుకుని మేస్త్రీకి ఇచ్చి ఉండాల్సింది. ఇవ్వలేదు. అది కార్యదర్శిగా నా బాధ్యత.

సంక్రాంతికి కూడా మూడో వీధి తవ్వి ఉంది. కూతుళ్లు, అల్లుళ్లు బ్యాగులు నెత్తిన పెట్టుకుని మట్టిలో నడిచి వచ్చారు. పూడ్చేటప్పుడు పొరలు పొరలుగా వేసి, తడిపి, దిమ్మిస కొట్టాలి. చాలాచోట్ల తవ్విన బంకమట్టినే ఒకేసారి తోసి పైన సిమెంటు పూశారు. ఇప్పుడక్కడ రోడ్డు కుంగుతోంది. కుంగిన చోట్లన్నీ ఫొటోలు తీసి పంపాం. మొదటి వీధిలో మాత్రం మళ్లీ చేశారు.

పాత పైపు ముక్కల విషయం కూడా చెప్పాలి. ఆ పైపులోంచి వచ్చిన నీళ్లు తాగితే హాని అనడానికి గట్టి ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది కాబట్టి దాని గురించి టెన్షన్ పడొద్దు. ప్రమాదం దుమ్ములో ఉంది. ఆస్బెస్టాస్ దుమ్ము పీలిస్తే ఏళ్ల తర్వాత క్యాన్సర్ రావచ్చు. మన దగ్గర పొడిగా ఉన్న పైపును కట్టరుతో కోశారు, పిల్లలు చుట్టూ నిలబడి చూశారు. కొందరు ఆ ముక్కలు తెచ్చి మొక్కల చుట్టూ పాతుకున్నారు. దయచేసి వాటిని పగలగొట్టకండి, కోయకండి. తడిపి, మందపాటి ప్లాస్టిక్ సంచిలో గట్టిగా కట్టి ఉంచితే అన్నీ ఒకేసారి అప్పగిస్తాం.

కొత్త పైపు వచ్చాక నీళ్లు బాగుపడ్డాయా అని చాలామంది అడుగుతున్నారు. మెయిన్‌లో బాగుపడ్డాయి. అన్ని ఇళ్లలోనూ కాదు. కారణం మన ఇంటి కనెక్షన్. మెయిన్ దగ్గర ఫెర్రూల్ (మెయిన్ నుంచి ఇంటి గొట్టానికి నీళ్లిచ్చే బిగింపు) కొత్తది, అక్కడి నుంచి ఇంటి దాకా చాలామందికి పాత ఇనుప గొట్టమే. అది డ్రైనులో మునిగి, తుప్పు పట్టి వస్తోంది. సంఘం ఒక క్లోరోస్కోప్ కొన్నది. కుళాయి నీళ్లు పట్టి, మందు చుక్కలు వేస్తే వచ్చే పసుపు రంగును బట్టి క్లోరిన్ ఎంతుందో తెలుస్తుంది. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. ఒకే వీధిలో, ఒకే పూట, పక్కపక్క ఇళ్లలో చూశాం. గొట్టం మార్చుకున్న ఇంట్లో రంగు వచ్చింది, డ్రైనులోంచి పాత గొట్టం వచ్చే ఇంట్లో రాలేదు. ఆ ఇంటి నీళ్లను హెచ్‌టూఎస్ సీసాలో (మురుగు క్రిములుంటే నీళ్లు నల్లబడే పరీక్ష సీసా) పట్టి ఉంచితే రెండో రోజుకు నల్లబడ్డాయి. అంటే మలినం కలుస్తోందని. ఆ ఇంట్లో ఏడాదిన్నర పాప ఉంది. వెంటనే నీళ్లు మరగకాచి వాడమని చెప్పాం, సంఘం నిధి నుంచే గొట్టం మార్పించాం. అద్దె ఇళ్ల యజమానులను వేడుకుంటున్నాను: ఇది ఒక నెల అద్దెలో కొంత ఖర్చు, వాయిదా వేయకండి. కొత్త గొట్టాన్ని డ్రైను మట్టానికి పైగా, పెద్ద పైపు తొడిగి దాటించండి.

కనెక్షన్ ఇచ్చిన మొదటి రోజు నీళ్లు సంపులోకి పట్టొద్దు. బురద, క్లోరిన్ వాసన పోయే దాకా బయటికి వదిలేయాలి. ఇది తెలియక మొదటి వీధిలో సంపులు రెండుసార్లు కడుక్కున్నారు.

మిగతా పనులు క్లుప్తంగా: వినాయక చవితి బాగా జరిగింది. దోమల మందు మూడుసార్లు కొట్టించాం. పార్కు గేటు మార్చాం. కాలువలో గుర్రపుడెక్క తీయించాలన్న అర్జీకి ఇంకా కదలిక లేదు. జమాఖర్చుల పట్టీ విడిగా జతచేశాం. ఈ ఏడాది ట్యాంకర్లకు, గొట్టాలకు అయిన ఖర్చు వల్ల నిల్వ తగ్గింది.

కాలువ గట్టు వీధుల్లో పని కాలువ కట్టేసిన రోజుల్లో మొదలుపెట్టమని అడిగాం. అప్పుడు ఊట తక్కువ ఉంటుంది, కానీ చెరువు నీళ్లు పొదుపుగా వదిలే కాలం కూడా అదే. కాబట్టి ట్యాంకరు పొద్దున ఆరింటికి రావాలని, పని ఏ రోజు ఎక్కడో మూడు రోజుల ముందే రామాలయం బోర్డు మీద రాయాలని, ఒక ముక్క పూడ్చాకే ఇంకో ముక్క తవ్వాలని రాతపూర్వకంగా ఇచ్చాం. మొదటి రెండింటికీ ఒప్పుకున్నారు, మూడో దాని మీద మాట్లాడాలి.

ఆదివారం సాయంత్రం సర్వసభ్య సమావేశం. ఆ రెండు వీధుల నుంచి ఇంటికొకరైనా రండి. వచ్చేముందు మీ కుళాయి గొట్టం డ్రైనును ఎక్కడ దాటుతోందో ఒకసారి చూసుకుని, ఇంట్లో మంచాన ఉన్నవాళ్ల వివరాలు ఒక కాగితం మీద రాసి తీసుకురండి.

కార్యదర్శి