హెచ్చరిక నేరుగా పైలట్‌కే చేరాలి

సంపాదకుడు గారికి,

విమాన ప్రమాదమంటే అందరూ ఆకాశం వైపే చూస్తారు. చరిత్రలో అతి ఘోరమైన విమాన ప్రమాదం మాత్రం నేల మీదే జరిగింది. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే ద్వీపంలో, పొగమంచులో రెండు బోయింగ్ 747లు రన్‌వేపై ఢీకొని 583 మంది చనిపోయారు. 2001లో ఇటలీలోని మిలాన్ లినాటే విమానాశ్రయంలో ఇలాగే రన్‌వేపై రెండు విమానాలు ఢీకొని 118 మంది బలయ్యారు. అప్పుడక్కడ నేల మీది కదలికలను చూపే రాడారే పనిచేయడం లేదు.

రాడార్ ఉంటే చాలా? 2024 జనవరి 2న టోక్యోలోని హనెడా విమానాశ్రయంలో, రన్‌వేపై ఆగి ఉన్న కోస్ట్‌గార్డ్ విమానాన్ని దిగుతున్న ఎయిర్‌బస్ ప్రయాణికుల విమానం ఢీకొంది. విమానాల రాకపోకలను నేల మీద నుంచి నడిపించే కంట్రోలర్ తెర మీద హెచ్చరిక వచ్చింది, ఎవరూ గమనించలేదు. కోస్ట్‌గార్డ్ విమానంలో ఐదుగురు మరణించారు. ఎయిర్‌బస్‌లోని 379 మందీ బయటపడటం సిబ్బంది చలవే.

అసలు లోపం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. హెచ్చరిక ముందు కంట్రోలర్‌కు, తర్వాత రేడియోలో పైలట్‌కు చేరేసరికి విలువైన క్షణాలు గడిచిపోతాయి. అమెరికాలోని కొన్ని పెద్ద విమానాశ్రయాల్లో రన్‌వేలో పొదిగిన దీపాలు, ఎదురుగా ప్రమాదముంటే కంట్రోలర్ మీట నొక్కకుండానే ఎర్రగా వెలుగుతాయి. విమానం ఏ రన్‌వేను సమీపిస్తోందో కాక్‌పిట్‌లో గొంతెత్తి చెప్పే పరికరాలూ ఎప్పటి నుంచో ఉన్నాయి.

ఖర్చు పేరుతో వీటిని వాయిదా వేయకుండా, రద్దీ విమానాశ్రయాల్లోనైనా నియంత్రణ సంస్థలు గడువు పెట్టి తప్పనిసరి చేయాలి.

- ఒక పాఠకుడు