పోలేరమ్మ జాతర, వేపచెట్టు పని: 2025 జమా ఖర్చుల వివరణ

ఊరివాళ్ళకు, బయట ఊళ్ళలో ఉన్న మనవాళ్ళకు జాతర కమిటీ నమస్కారం. వైశాఖంలో జాతర అయిపోయినా లెక్క ఇప్పుడు చెబుతున్నామని కొందరికి కోపంగా ఉంది. అమ్మ వేపచెట్టు చుట్టూ సిమెంటు తీయించే పని తేలకుండా లెక్క ముగియదు, అందుకే ఆగాం.

ముందు జమ. పోయినేటి నిల్వ 14,350 రూపాయలు. ఇంటికి 500 చొప్పున 240 ఇళ్ళకు గాను 212 ఇళ్ళవాళ్ళు ఇచ్చారు, అది 1,06,000. ఇవ్వని 28 ఇళ్ళ పేర్లు బోర్డు మీద రాయమన్నారు కొందరు. రాయం. ఇది చందా, పన్ను కాదు. రైతులు కళ్ళాల్లో కొలిచిచ్చిన వడ్లు 4 పుట్లు. (మన నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు, హైదరాబాదులో పెరుగుతున్న పిల్లల కోసం చెబుతున్నాం.) 2024-25 మద్దతు ధర లెక్కన ఏ గ్రేడు వడ్లకు పుట్టికి 19,720 రావాల్సింది. మనకు పలికింది 17,000. ఎందుకు తగ్గిందని ఈ పంటకాలంలో వడ్లు అమ్మిన ఎవర్నడిగినా చెబుతారు. అలా 68,000. ఫోన్‌పేలో వచ్చింది 47,116. హుండీ 23,434. మొత్తం జమ 2,58,900.

ఇక ఖర్చు. పందిరి, లైట్లు, మైకు కలిపి 38,500. పంబలవాళ్ళకు, డప్పులకు 24,000. డీజే పెట్టలేదని కుర్రాళ్ళు ఇంకా అలకలోనే ఉన్నారు, కానీ పంబ మోగుతుంటే పక్కన డీజే ఎందుకని పెద్దలందరూ ఒకే మాట మీద ఉన్నారు. చీర, పూలు, నిమ్మకాయల దండలు, పసుపు కుంకుమలకు 13,640.

అమ్మవారి విగ్రహానికి కుమ్మరికి ఇచ్చింది 8,000. టౌను నుంచి రంగుల విగ్రహం తెప్పిస్తాను, ఖర్చంతా నాదే అని ఒక దాత ముందుకొచ్చారు. ఆయన భక్తిని తప్పుపట్టడం లేదు. కానీ మన చెరువు మట్టితో చేసిన అమ్మ మళ్ళీ ఆ చెరువులోనే కరిగిపోవడం మనకు ఆనవాయితీ. అంత పేరున్న వెంకటగిరి జాతరలో కూడా పోలేరమ్మను ఏటా మట్టితోనే చేస్తారు.

పొంగళ్ళు, అంబలి, అన్నదానం 71,200. నిరుటి కంటే ఎక్కువే. వాటర్ ప్యాకెట్లు మానేసి కుండలు పెట్టాం, అంబలి మట్టి ముంతల్లో పోశాం, తేడా అక్కడ వచ్చింది. అయినా జాతర మర్నాడు చెరువు గట్టు మీద కవర్లు, కప్పులు ఏరడానికి కూలీలకు 6,500 అయింది. ఆ కవర్లు కమిటీ తెచ్చినవి కావు. ఒకప్పుడు అమ్మవారు పోసిందని మొక్కుకున్న మశూచి పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లోనే ప్రకటించింది. అయినా ఇప్పటికీ ఇంట్లో పిల్లకు ఆటలమ్మ పోస్తే మంచం చుట్టూ వేపమండలే పెడతాం. అంత నమ్మకం ఉన్నవాళ్ళం ఆ వేపచెట్టు కిందే చెత్త వదిలి వస్తే ఎలా?

ఎక్కువ ప్రశ్నలు వచ్చింది చెట్టు పని మీద. దానికి అయింది 35,300. అమ్మ గద్దె వెనకున్న వేపచెట్టు చుట్టూ 2009లో సిమెంటు పోసి గ్రానైటు పరిచారు. అప్పుడు అందరం మెచ్చుకున్నాం, ఇది రాస్తున్న వాడితో సహా. 2021లో రెండు రాష్ట్రాల్లోనూ వేపచెట్లకు కొమ్మలు చివర్ల నుంచి మాడిపోయే తెగులు వచ్చింది. అది శిలీంధ్రం వల్ల వచ్చే తెగులని, టీ దోమ అనే రసం పీల్చే పురుగు తోడైతే ముదురుతుందని శాస్త్రవేత్తలు చెప్పారు. చెరువు గట్టు చెట్లు మరుసటేడు మళ్ళీ చిగురేశాయి. మన అమ్మ చెట్టు మాత్రం తూర్పు వైపు మోడుగానే ఉండిపోయింది. దాని మొదట్లోకి నీళ్ళు దిగే దారి లేదు మరి. మీటింగులో వాదనలు ముదిరాక ఒక పెద్దావిడ లేచి, "గొంతు దాకా సిమెంటు పోసి పైన పసుపు పూస్తే ఏం లాభం నాయనా" అంది. ఆ మాటతో తేలిపోయింది.

మెషిన్‌తో కోసి పలకలు లేపడానికి 9,600. కింద మట్టి పిండిలా పొడిపొడిగా ఉంది. వేళ్ళు లోతుకు దిగలేక సిమెంటు అడుగున పాముల్లా చుట్టుకుని ఉన్నాయి. వాటి మధ్య పసుపు తోరాల ముద్ద ఒకటి, పది పైసల బిళ్ళలు, పావలాలు దొరికాయి. పావలాలు, వాటికంటే చిన్న బిళ్ళలు 2011 నుంచి చెల్లవు కాబట్టి జమలో రాయలేదు. గుడ్డలో మూటకట్టి అమ్మ పాదాల దగ్గర పెట్టాం. ఎర్రమట్టి, పశువుల ఎరువు 5,400. సిమెంటు లేకుండా, సందుల్లోంచి నీళ్ళు దిగేలా పేర్చిన రాతి కట్టుకు 18,000. తెగులు మందు పిచికారీ 2,300. అమ్మ చెట్టుకు మందు కొట్టడమేంటని అన్నవాళ్ళున్నారు. బిడ్డకు జ్వరమొస్తే మాత్ర వేస్తాం కదా అన్నారు పూజారి. జాతర అయ్యాకే కొట్టించాం. కొన్నాళ్ళ పాటు ఆ చెట్టు ఆకు, పువ్వు కోయొద్దని, పచ్చడికి, వైద్యానికి వాడొద్దని బోర్డు కూడా పెట్టాం. గ్రానైటు ఇచ్చిన దాతల పేర్ల పలకను పారేయలేదు, గుడి గోడకు బిగించాం.

వేప, రావి, కానుగ మొక్కలకు, ముళ్ళకంచెకు 4,800. బిల్లు లేని ఖర్చు 1,850. ఆటో బాడుగలు, టీలు, చివరి నిమిషంలో తెచ్చిన కొబ్బరికాయలు. రసీదు తీసుకోకపోవడం మా తప్పే.

మొత్తం ఖర్చు 2,03,790. నిల్వ 55,110. అందులో 52,000 జాయింట్ ఖాతాలో వేశాం, 3,110 కోశాధికారి దగ్గర ఉంది. వేసవిలో చెట్టుకు, మొక్కలకు నీళ్ళు పోసే మనిషికి ఇందులోంచే ఇస్తాం.

బిల్లులన్నీ ఆదివారం పొద్దున 7 గంటల నుంచి రామాలయం అరుగు మీద ఉంటాయి, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. ఫోన్‌పేలో జాతర ముందురోజు రాత్రి పేరు తెలియకుండా 501 వచ్చింది. అది ఎవరిదో చెబితే రసీదు రాసిస్తాం.